స్విఫ్ట్ రిమ్ములకి రంగు, అద్దాలకి ఫిల్మ్: జనవరి నుంచి మార్చి దాకా

జనవరి 5, ఆదివారం

వెనక ఎడమ టైరు మళ్ళీ దిగిపోయింది. మూడు నెలల్నుంచీ ఇదే గోల. గాలి 32 పెట్టిస్తే పదిరోజులకి 22కి వచ్చేస్తోంది, మేకు దిగిందేమో అని రెండుసార్లు పంచర్ షాపుకి తీసుకెళ్తే ఏమీ లేదన్నారు, ఈసారి మద్దిలపాలెం దగ్గర షాపులో అన్న ఓపిగ్గా చక్రం మొత్తం నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పి తిప్పి చూశాడు, బుడగలు టైరులోంచి కాదు, టైరు రిమ్ముని పట్టుకుని కూర్చునే అంచు దగ్గర్నుంచి వస్తున్నాయి, ఆవగింజలంత సన్నగా. టైరు విప్పి చూపించాడు. అంచు చుట్టూ తుప్పు పొలుసులు లేచిపోయి ఉన్నాయి, గోరు పెట్టి గీకితే రాలిపోతున్నాయి. "రిమ్మే తినేసింది బాబూ, ట్యూబు వేసేయమంటారా?" అన్నాడు.

ట్యూబు వద్దన్నాను. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేస్తే లోపల రాపిడికి వేడెక్కుద్ది, పైగా హైవే మీద మేకు దిగితే నెమ్మదిగా కాదు, ఒక్కసారిగా గాలి పోద్ది. అన్న తాత్కాలికంగా వైరు బ్రష్‌తో గీకి, అంచుకి సీలర్ రాసి బిగించాడు.

బండి 2013 స్విఫ్ట్ డీజిల్, వీడీఐ. నేను 2018లో సెకండ్ హ్యాండ్ కొన్నాను. అంతకుముందు ఓనరు ఇల్లు లాసన్స్ బే దగ్గర, సముద్రానికి ఎదురుగా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కూడా బండి అక్కడే బయట ఉందట. మేముండేది ఎంవీపీ కాలనీ, సముద్రం గాలి ఇక్కడికీ వస్తుంది. వీల్ కప్పులు పైనుంచి చక్కగా కనిపిస్తున్నాయి కాబట్టి ఇన్నేళ్ళూ వాటి వెనక ఏం జరుగుతోందో చూడలేదు. ఇంటికొచ్చి నాలుగు కప్పులూ పీకి చూశాను, డిక్కీలో స్టెప్నీ కూడా బయటకి తీశాను. ఐదూ తుప్పే. స్టెప్నీ కొంచెం నయం.

జనవరి 13, భోగి

పండక్కి చెల్లీ బావా వచ్చారు. బావ షిప్‌యార్డులో పెయింటింగ్ పని చూస్తాడు, ఓడల అడుగు భాగానికి రంగు వేయించడమే ఆయన రోజువారీ పని, కాబట్టి భోజనాలవ్వగానే రిమ్ము తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. గీకి ప్రైమర్ కొట్టేద్దామనుకుంటున్నా అన్నాను. "ఆగు బావా, ముందు కడుగు. ఉప్పు పోకుండా గీకితే ఏటౌద్ది, ఉప్పుని ఇనుములోకి ఇంకా రుద్దినట్టౌద్ది" అన్నాడు.

ఆ తర్వాత గంటసేపు కూర్చోబెట్టి చెప్పాడు. రంగు కింద ఉప్పు మిగిలిపోతే అది గాలిలో తేమని రంగు పొరలోంచి లోపలికి లాక్కుంటుంది, అక్కడ బొబ్బ లేస్తుంది, బొబ్బ కింద మళ్ళీ తుప్పు. అందుకే ఓడకైనా ఇసుకతో కొట్టేముందు మంచినీళ్ళతో కడుగుతారు. అలా ఇసుకతో కొడితే, అంటే బ్లాస్టింగ్ చేస్తే, శుభ్రానికి సా రెండున్నర అని ఒక గ్రేడు ఉంటుంది, చేత్తో, మెషీన్‌తో గీకితే ఎస్‌టీ రెండు, ఎస్‌టీ మూడు. ఇంట్లో మనకి అందేది ఎస్‌టీ మూడే, అది సరిగ్గా చేస్తే రిమ్ముకి చాలు అన్నాడు.

అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. ఆవిడ అడిగింది ఒకటే, రథసప్తమికి అరసవల్లి వెళ్దామన్నావు కదా, అప్పటికి బండి అవుద్దా అని. రథసప్తమి ఫిబ్రవరి 4. అవుద్దమ్మా అన్నాను.

ఇంకో మాట కూడా అమ్మే అంది. ఆవిడకి పోయిన ఆగస్టులో రెండో కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంటుంది, ఎండ పడితే కళ్ళు తెరవలేకపోతోంది, కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంటోంది. వెనక డోర్లకి పాత ఓనరు వేయించిన ఫిల్మ్ ఉంది గాని అది వంకాయ రంగుకి తిరిగిపోయి, బుడగలు లేచి, బయటకి ఏమీ కనిపించకుండా తయారైంది. సరే, రిమ్ములయ్యాక అద్దాలు కూడా అనుకున్నాను.

జనవరి 18, 19

బండిని నాలుగు జాక్ స్టాండ్ల మీద ఎక్కించాను. రెండు బావవి, రెండు మెకానిక్ దగ్గర అడిగి తెచ్చినవి. మా వీధిలో ఒకాయన సిమెంటు ఇటుకలు పెట్టేయండి అన్నారు గాని అది మాత్రం ఎవరూ చేయకండి, బోలు ఇటుక మీద బరువు ఒకచోటే పడితే చెప్పకుండా పగిలిపోతుంది, పైన టన్ను దాటిన బండి. నట్లు బండి నేలమీద ఉన్నప్పుడే పానాతో కొంచెం వదులు చేసుకోవాలి, ఎత్తాక లాగితే బండి ఊగుతుంది.

టైర్లు పంచర్ షాపులో విప్పించేశాను. పనిలో పని టైర్ల పక్కన నాలుగంకెల తేదీ చూశాను, 2319 అని ఉంది, అంటే 2019లో 23వ వారం. ఇంకో ఏడాది చూస్తాను.

కడగడం. బట్టల సబ్బు నీళ్ళు, బ్రష్, తర్వాత మంచినీళ్ళతో మూడుసార్లు. మా బోరు నీళ్ళు కూడా ఉప్పే, కాబట్టి చివరి కడుగు మున్సిపల్ నీళ్ళతోనే. తర్వాత థిన్నర్ గుడ్డతో గ్రీజు తుడిచి, గ్రైండరుకి వైరు కప్ బ్రష్ పెట్టి మొదలెట్టాను. మొదటి రిమ్ముకి రెండు గంటలు పట్టింది. వైరు బ్రష్ ఒక మోసం చేస్తుంది, తుప్పుని తీసినట్టే తీసి పాలిష్ చేసేస్తుంది, గోధుమ రంగులో నున్నగా మెరుస్తుంటే ఇనుమే అనుకుంటాం, 80 నంబరు ఎమిరి పేపరుతో గట్టిగా రుద్దితే అప్పుడు తెల్లటి ఇనుము బయటపడుతుంది. కళ్ళద్దాలు, మాస్కు లేకుండా ఈ పని వద్దు, ఆ బ్రష్ తీగలు సూదుల్లా ఎగిరొస్తాయి, నా ప్యాంటులో నాలుగు గుచ్చుకున్నాయి.

వెల్డింగ్ అతుకుల పక్కన, టైరు కూర్చునే అంచు మీద గుంటలు పడ్డాయి, వాటిలోకి ఏ బ్రష్షూ దూరదు. ఆ గుంటల్లో మాత్రం ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ చిన్న బ్రష్‌తో రాశాను. అరగంటకి తుప్పు నల్లగా మారింది. దాన్ని అలాగే వదిలేసి పైన ఎపాక్సీ ప్రైమర్ వేస్తే పట్టదు, మిగిలిన యాసిడ్ అంతా కడిగేసి, హీట్ గన్‌తో వెంటనే ఆరబెట్టాలి. రెండు రోజుల్లో మూడు రిమ్ములు అయ్యాయి. చేతులు రాత్రంతా జుమ్మంటూనే ఉన్నాయి.

జనవరి 25, 26

మిగిలిన రెండూ గీకడం శనివారంతో అయింది. పోయిన వారం గీకిన మూడింటి మీద వారంలోనే పసుపు పొడిలా సన్నటి తుప్పు వచ్చేసింది, విశాఖలో పచ్చి ఇనుము రాత్రి బయట ఉంచితే అంతే. వాటిని మళ్ళీ 120తో ఒక చుట్టు రుద్దాను. ఐదూ ఒకేసారి గీకి అదే రోజు ప్రైమర్ వేసుకోవాల్సింది, లేదా ఒక్కోటి గీకిన పూటే ప్రైమర్ కొట్టేయాల్సింది.

ఆదివారం ప్రైమర్. పొద్దున్నే ఏడింటికి మొదలెడదామని బయటకొస్తే బావ ఫోన్లో ఆపేశాడు. వాళ్ళ దగ్గర ఒక రూలు ఉంది, ఇనుము వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుంటేనే రంగు. ఏడింటికి మా ఇంట్లో చిన్న మీటరు 19 డిగ్రీలు, తేమ 90% చూపిస్తోంది, ఆ లెక్కకి డ్యూ పాయింట్ 17 పైనే, తేడా రెండు డిగ్రీలు కూడా లేదు, అంటే కంటికి కనిపించకపోయినా రిమ్ము మీద చెమ్మ ఉన్నట్టే. కారు టాప్ మీద చెయ్యి పెడితే తడి. మధ్యాహ్నం ఒంటిగంటకి 28 డిగ్రీలు, తేమ 60%, డ్యూ పాయింట్ 19న్నర, ఎండలో ఉన్న రిమ్ము 30 దాటింది. ఇంక భయం లేదు. జనవరిలో మా వైపు రంగు పనికి పదకొండు నుంచి మూడున్నర దాకానే టైము, ఆ తర్వాత డబ్బా మూత పెట్టేయడమే.

టూ ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్, బేసు, హార్డనర్ డబ్బా మీద రాసిన కొలతకే కలిపి, ఇరవై నిమిషాలు ఆగి, లోపలివైపు బ్రష్‌తో, బయటివైపు చిన్న స్ప్రే గన్‌తో. లోపలివైపే ముఖ్యం, బురదా ఉప్పూ నిలిచేది అక్కడే. మూడు చోట్ల మాత్రం మందంగా వేయకూడదు. ఒకటి నట్టు వచ్చి కూర్చునే కోన్, రెండు హబ్బుకి, అంటే బండికి చక్రం బిగించే భాగానికి, ఆనే మొహం, అక్కడ రంగు మందంగా ఉంటే బండి నడిచేకొద్దీ రంగు నలిగి నట్లు వదులైపోతాయి. మూడోది టైరు అంచు, అక్కడ ఒకే పల్చటి కోటు. నట్టు గుంటల్లో పాత నట్లే పెట్టేశాను, హబ్బు మొహానికి మాస్కింగ్ టేపు.

సాయంత్రానికి ప్రైమర్ అయిపోయింది, ఐదో రిమ్ముకి చాలలేదు. ఇంట్లో కిటికీ గ్రిల్లుకి వాడగా మిగిలిన రెడాక్సైడ్ డబ్బా ఉంటే అది వేసేశాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

రంగు రోజు. గన్‌మెటల్ గ్రే, లక్కర్ స్ప్రే క్యాన్లు, ఆరు తెచ్చాను. ఎపాక్సీ వారం రోజులు ఆరింది కాబట్టి 400 వాటర్ పేపరుతో మెరుపు పోయేదాకా గరుకు చేసి, తుడిచి, క్యాన్‌ని గోరువెచ్చటి నీళ్ళల్లో ఐదు నిమిషాలు ఉంచి, రెండు నిమిషాలు బాగా ఊపి, జానెడు దూరం నుంచి మొదటి కోటు పొగ పట్టినట్టు పల్చగా. పది నిమిషాలు ఆగి రెండోది, ఇంకో పది నిమిషాలకి మూడోది. నాలుగు రిమ్ములు చూస్తుంటే కడుపు నిండిపోయింది.

ఐదోది, రెడాక్సైడ్ వేసింది. మొదటి కోటుకి బాగానే ఉంది, రెండో కోటు పడ్డ నిమిషంలో పాల మీద మీగడ ముడత పడ్డట్టు మొత్తం ముడుచుకుపోయింది. గ్రిల్లుకి వేసే ఆ రెడాక్సైడ్ సింథటిక్ ఎనామిల్ రకం, పైకి ఆరినట్టు కనిపిస్తుంది గాని లోపల వారాల తరబడి మెత్తగానే ఉంటుంది, లక్కర్లో ఉండే థిన్నర్ దాన్ని కరిగించి ఎత్తేస్తుంది. బావకి ఫోటో పంపితే "కింద ఏటి వేశావు?" అని ఒక్క ప్రశ్నే అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత సోమవారం ఎపాక్సీ పావు లీటరు తెస్తానన్నాడు.

ఆ రిమ్ముని మళ్ళీ ఇనుము దాకా గీకాలి.

ఫిబ్రవరి 4, రథసప్తమి

బండి ఇంకా స్టాండ్ల మీదే. అమ్మ పొద్దున్నే జిల్లేడాకులు పెట్టుకుని తలస్నానం చేసి, డాబా మీద చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. టాక్సీ మాట్లాడతానమ్మా అంటే, ఇవాళ రద్దీలో నేను నిలబడలేను, తర్వాతే వెళ్దాం అంది. అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల్లో పొద్దున సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, ఆ 9 ఈసారి ఆదివారం వచ్చింది. ఆ రోజుకి తప్పకుండా అని చెప్పాను.

ఫిబ్రవరి 16 దాకా

ఐదో రిమ్ము పని మళ్ళీ మొదట్నుంచి. గీకాను, కడిగాను, బావ తెచ్చిన ఎపాక్సీ వేశాను. ఈసారి రెండు రోజులు ఆగి రంగు.

రంగు మీద కాపుదలకి వేసే పారదర్శక పొర, క్లియర్ కోటు, ఐదింటికీ 9న. టూకే క్లియర్ తీసుకున్నాను, క్యాన్ అడుగున బటన్ నొక్కితే లోపల హార్డనర్ కలిసే రకం. పెట్రోలు, బ్రేక్ డస్టు, రాళ్ళ దెబ్బలకి మామూలు క్లియర్ కంటే ఇది చాలా గట్టిగా ఉంటుంది, కానీ దీన్లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి ప్రమాదం, గుడ్డ మాస్కు ఎందుకూ పనికిరాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటరు, గ్లవ్సు, ఆరుబయట, అదీ పిల్లలు ఇంట్లో లేనప్పుడు. మా చిన్నోణ్ణి చెల్లెలి ఇంటికి పంపేశాను. నొక్కాక ఆ క్యాన్ ఎక్కువ గంటలు నిలవదు కాబట్టి ఐదు రిమ్ములూ వరసలో పేర్చుకుని ఒకే పూట కొట్టాను.

తర్వాత వారం ఏమీ చేయలేదు. చేతికి ఆరిపోయినట్టే ఉంటుంది గాని టైరు ఎక్కించే మెషీను అంచుని గట్టిగా నొక్కుతుంది, పచ్చిగా ఉంటే రంగు లేచిపోతుంది. 16న టైర్లు ఎక్కించాం. అన్న మెషీను దవడలకి గుడ్డ చుట్టాడు, అంచుకి సబ్బు పేస్టు బాగా రాశాడు, ఐదు వాల్వులూ కొత్తవి, తర్వాత బ్యాలెన్సింగ్. నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ లేదు. "షోరూం రిమ్ముల్లా ఉన్నాయి బాబూ" అని వేలితో ఒకసారి తడిమాడు, ఆ మాటకి నాకు జనవరి నెప్పులన్నీ పోయాయి.

నట్లు స్టారు ఆకారంలో, ఎదురెదురుగా బిగించాను, టార్క్ రెంచితో మాన్యువల్లో రాసిన లెక్కకి. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూస్తే రెండు నట్లు కొంచెం తిరిగాయి, కొత్త రంగు మీద అది మామూలే, అందుకే మళ్ళీ చూడాలి. ఐదు రిమ్ములకి ప్రైమరు, క్యాన్లు, క్లియరు, పేపర్లు, బ్రష్‌లు, వాల్వులు, టైరు పని అన్నీ కలిపి 6,450 అయింది. వీల్ కప్పులు ఇంక పెట్టను.

ఫిబ్రవరి 23, ఆదివారం

అద్దాలు. ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు. కేంద్ర మోటారు వాహనాల రూల్సులో 100వ రూలు ప్రకారం ముందూ వెనకా పెద్ద అద్దాల్లోంచి కనీసం 70% వెలుతురు రావాలి, పక్క అద్దాల్లోంచి కనీసం 50%. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అద్దాలకి ఫిల్మ్ అతికించడాన్నే ఆపేసింది. తర్వాత రూలు మారి 2021 ఏప్రిల్ నుంచి సేఫ్టీ గ్లేజింగ్ (లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా ఇందులోకి వస్తుంది) అనే మాట చేరింది, 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఆ 70, 50 లెక్క దాటకుండా, ఐఎస్ 2553 అనే భారతీయ ప్రమాణానికి తగ్గ ఫిల్మ్ అయితే వేసుకోవచ్చని చెప్పింది. అందుకే ప్యాకెట్ మీద ఆ నంబరు ఉన్నదే కొన్నాను, బిల్లు బండిలోనే పెట్టాను.

పొరపాటు ఏంటంటే, 50% కావాలి కదా అని 50% ఫిల్మ్ కొనేస్తారు. కంపెనీ అద్దం కూడా కొంత వెలుతురు ఆపుతుంది, రెండిటినీ గుణించాలి. ఫోన్లో లక్స్ మీటరుతో (వెలుతురు కొలిచే యాప్) చూశాను, అద్దం లేకుండా 21,000, ముందు డోరు అద్దం వెనక 15,900, అంటే అద్దమే 76%. దాని మీద 50% ఫిల్మ్ వేస్తే 38కి పడిపోతుంది, 70% ఫిల్మ్ వేస్తే 53. కాబట్టి 70. ఫోను మీటరు పోలీసుల మీటరు కాదు, కానీ నిష్పత్తి చూసుకోడానికి సరిపోద్ది. పాత వంకాయ రంగు ఫిల్మ్ వెనక చూస్తే 3,400, అంటే 16%. ఇన్నాళ్ళూ రాత్రిపూట దాంట్లోంచి చూస్తూ రివర్స్ చేశాను, తల్చుకుంటే భయమేస్తోంది.

ఇంత పల్చటి ఫిల్మ్ వల్ల ఏం ఉపయోగం అని మా ఆవిడ అడిగింది. నలుపుకీ చల్లదనానికీ సంబంధం తక్కువ. ఎండలో వేడిలో పెద్ద భాగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్, సిరామిక్ ఫిల్మ్ దాన్ని ఆపుతుంది, వెలుతురుని చాలావరకు వదిలేస్తుంది. పాతది రంగు అద్దిన ఫిల్మ్, ఆ రంగు ఎండకి విరిగిపోయి వంకాయ రంగుకి తిరిగింది.

పాతది తీయడం: సబ్బు నీళ్ళు చల్లి, నల్ల చెత్త కవరు కత్తిరించి అద్దానికి బయటివైపు అతికించి, గంటన్నర ఎండలో ఉంచి, లోపల మూల నుంచి నెమ్మదిగా లాగాను. కుడి డోరుది ఒకే ముక్కగా వచ్చింది. ఎడమది ఫిల్మ్ వచ్చి గమ్ము అద్దానికే ఉండిపోయింది, బ్లేడుతో సబ్బు నీళ్ళు చల్లుకుంటూ గీకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

కొత్తది ఎడమ వెనక డోరు, అంటే అమ్మ కూర్చునే వైపే మొదలెట్టాను. కార్ షెడ్డులో నేల తడిపి, ఫ్యాను ఆపేసి. అద్దం బయటివైపు ఫిల్మ్ పరిచి ఆకారం కత్తిరించుకోవాలి, పై అంచున రెండు మిల్లీమీటర్లు వదలాలి. అద్దం కొంచెం వంపు కాబట్టి ఫిల్మ్ కింద వేళ్ళలా మడతలు లేస్తాయి, హీట్ గన్‌తో వాటిని కుదించాలి. ఇక్కడే ఆత్రపడ్డాను, గన్ ఒకేచోట మూడు సెకన్లు ఎక్కువుంచితే ఫిల్మ్ ముడుచుకుని తెల్లగా అయిపోయింది. ఆ ముక్క పోయింది. 5 మీటర్లు తెచ్చాను కాబట్టి ఇంకో ముక్క ఉంది.

రెండోసారి గన్ కదుపుతూనే ఉన్నాను. తర్వాత అద్దాన్ని రెండంగుళాలు దించి, లోపల లీటరు నీళ్ళల్లో నాలుగు చుక్కల బేబీ షాంపూ వేసింది బాగా చల్లి, ఫిల్మ్ గమ్ము వైపు కూడా తడిపి, పై అంచు ముందు అతికించి, స్క్వీజీతో (రబ్బరు పట్టీతో) నీళ్ళు లాగేసి, అద్దం పైకెత్తి, కింది భాగం రబ్బరు లోపలికి దోపి అక్కడి నీళ్ళు లాగడం. ఈసారి కుదిరింది. మూల దగ్గర రెండు దుమ్ము రేణువులు ఉండిపోయాయి, చొక్కా దారం అనుకుంటా.

మార్చి 2, ఆదివారం

మిగిలిన మూడు డోర్లు. చేతికి అలవాటైంది, ఒక్కోటీ గంట. చొక్కా విప్పేసి బనీనుతో చేశాను, దారాలు పడలేదు. ఆరబెట్టాక లక్స్ చూస్తే 21,000కి 11,200, లెక్క ప్రకారమే 53%. ముందూ వెనకా పెద్ద అద్దాల జోలికి పోలేదు, వాటికి 70 కావాలి, నా మీటరులో ఏ ఫిల్మూ వేయకుండానే అవి 70కి కొంచెమే పైన ఉన్నాయి. ఫిల్మ్ 3,800, స్క్వీజీలూ బ్లేడ్లూ 350. ఐదు రోజులు ఎవరూ అద్దాలు దించకుండా పవర్ విండో స్విచ్చుల మీద టేపు వేసేశాను. అక్కడక్కడ నీటి మసక కనిపిస్తోంది, అది కొన్ని వారాల్లో దానంతటదే ఆరిపోతుంది, గోరుతో నొక్కకూడదు.

మార్చి 9, ఆదివారం

తెల్లవారుజామున రెండున్నరకి బయల్దేరాం, అమ్మ, నేను, బావ. హైవే ఖాళీగా ఉంది, అరసవల్లి చేరేసరికి చీకటే, జనం మాత్రం అప్పటికే బాగా ఉన్నారు. అమ్మకి దర్శనం అయింది. ఆవిడ గుళ్ళోంచి బయటకొచ్చి రాతి మెట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

తిరిగొచ్చేటప్పుడు తొమ్మిదిన్నర దాటింది, ఎండ సరిగ్గా ఎడమవైపు నుంచే. అద్దంలో చూస్తూ ఉన్నాను, కొంగు అడ్డం పెట్టుకుంటుందేమో అని. రణస్థలం దాటాక జీడితోటల వైపు చూపిస్తూ, ఈ ఏడాది పూత బాగుందిరా అంది.

ఇంటికొచ్చాక బండి చల్లబడే దాకా ఆగి, సాయంత్రం వెనక ఎడమ టైరు గాలి చూశాను. ఫిబ్రవరి 16న 32 పెట్టించింది, మధ్యలో ఒక్కసారి కూడా కొట్టించలేదు. 31న్నర.